కాగితంలో ఉన్నంతే

మా ఫ్యాక్టరీ నుంచి తుపాకీ మీద బిగించి గురి చూసే రైఫిల్ స్కోపులు మూడు రంగుల డబ్బాల్లో బయటికి పోతాయి. నల్ల డబ్బా, ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా. మూడూ మూడు అమెరికా కంపెనీలవి. ఆ పేర్లు పలకడం మాలో సగం మందికి నోరు తిరగదు కాబట్టి రంగులతోనే పిలుచుకుంటాం. బిగించే బల్ల ఒకటే, బిగించే చేతులూ అవే. పొద్దున నల్ల డబ్బా చేసిన మనిషే మధ్యాహ్నం భోజనం చేసొచ్చి పచ్చ డబ్బా చేస్తుంది. అమెరికాలో ఒక నల్ల డబ్బా ధరకి నాలుగు పచ్చ డబ్బాలు వస్తాయట.

ఇదంతా పేరు చూపించి చేసే దోపిడీ అని నేను పదేళ్ళుగా చెబుతూ వచ్చాను. యూనియన్ కార్యదర్శిని. ఉషియామా అన్న నా పేరు జపాన్‌లో సువా సరస్సు చుట్టుపక్కల లెన్సులు అరగదీసే వాళ్ళందరికీ తెలుసు. కరపత్రాల్లో రాశాను, గేటు ముందు అరిచాను, తాగిన చోటల్లా వాగాను. చేతులు ఒకటే, గాజు ఒకటే, పేరుకే డబ్బు. వినడానికి బాగుంటుంది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ మాట నమ్మి నా భార్య అన్న మొమోసె తొకుజి పచ్చ డబ్బా కొన్నాడు. అందువల్ల యజాకి అనే వడ్రంగికి ఎడమ కన్ను పోయింది.

ఎలా పోయిందో చెప్పాలంటే ముందు కాగితం సంగతి చెప్పాలి.

ప్రతి డబ్బాకీ ఒక కాగితం ఉంటుంది. ఏ గాజు వాడాలి, ఏ స్ప్రింగు వెయ్యాలి, ఎన్నిటిని పరీక్షించాలి, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు, అంతా అందులో ఉంటుంది. స్కోపు లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. గురి చూసే అడ్డగీతలు కదిలేది ఆ గొట్టంతోనే. దాన్ని ఒకవైపు నుంచి మరలు నెడతాయి, రెండోవైపు నుంచి స్ప్రింగు వెనక్కి నెడుతుంది. తుపాకీ పేలినప్పుడు తన్నే తన్నుకి ఆ గొట్టం అదిరి మళ్ళీ తన చోటికి రావాలి. స్ప్రింగు నీరసంగా ఉంటే రాదు. గీతలు ఒక చోట, గుండు ఇంకో చోట.

నల్ల డబ్బా కాగితంలో స్ప్రింగు దళసరి. ప్రతి స్కోపునీ చెక్క దిమ్మకి బిగించి రబ్బరు సుత్తితో ముప్పై దెబ్బలు కొట్టి, గీతలు కదిలాయేమో చూడాలి. పచ్చ డబ్బా కాగితం కూడా ఒకప్పుడు దాదాపు అలాగే ఉండేది. యెన్ విలువ పెరిగి మా సరుకు అమెరికాలో ప్రియమైన ఏడాది ఆ కంపెనీవాడు ధర తగ్గించమన్నాడు, లేకపోతే తైవాన్‌కి పోతానన్నాడు. మా యజమాని ధర తగ్గించి, దాంతోపాటు కాగితాన్నీ తగ్గించాడు. సన్న స్ప్రింగు. యాభైకి ఒక్క స్కోపుకే పరీక్ష. పదే దెబ్బలు.

అయినా పచ్చ డబ్బాలు తిరిగి రాలేదు. ఫిర్యాదులు లేవు. దాంతో నా మాటకి ఇంకా బలం వచ్చింది. చూశారా, ధర తగ్గినా సరుకు అదే, అని ఇంకో కరపత్రం వేశాను.

సరుకు ఎందుకు చెడలేదో జూన్‌లో తెలిసింది. ఆ రోజు అయిదున్నరకి మిషను గది వైపు వెళితే దీపాలు వెలుగుతున్నాయి. పని ముగిసిందని కార్డులు గుద్దేసిన ముగ్గురు ఆడవాళ్ళు పరీక్ష బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మధ్యలో కినుయే గారు. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల, అదే ముక్కాలిపీట. చేతిలో రబ్బరు సుత్తి.

"కార్డు గుద్దేశారు కదా, ఇంకా ఏం చేస్తున్నారు?" అన్నాను.

"పచ్చవి చూస్తున్నాం."

"యాభైకి ఒకటి చూస్తే చాలు. అది పొద్దునే అయిపోయింది."

"మిగతా నలభై తొమ్మిదీ ఎవరు చూస్తారు? నువ్వు చూస్తావా?"

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆవిడ సుత్తి ఆపలేదు. జారిన స్కోపు దొరికితే విప్పి, స్ప్రింగు తీసి కాస్త సాగదీసి, మర మీద బొట్టు జిగురు పెట్టి, మళ్ళీ బిగిస్తోంది. ఎవరూ చెప్పని పని. ఏ కాగితంలోనూ లేని పని.

"ఎప్పట్నించి ఇలా?"

"కాగితం మారినప్పట్నించీ."

"జీతం లేకుండా."

"జీతం అడిగితే చూడొద్దంటారు. అందుకే అడగలేదు."

నాకు ఒళ్ళు మండింది. "కినుయే గారూ, మీరు ఊరికే చేస్తారన్న ధైర్యంతోనే యజమాని ఆ కాగితం రాశాడు. మీ సాయంకాలాలు దొంగిలించి పచ్చ డబ్బాలో పెట్టి అమ్ముతున్నాడు."

"అబ్బో! నిన్ను రేడియోలో పెట్టాలయ్యా," అంది ఆవిడ. తరువాత నెమ్మదిగా, "చూడకుండా పంపితే నాకు అన్నం సయించదు, అంతే," అంది.

"మీకు అన్నం సయించడానికి కంపెనీ పైసా ఇవ్వదు."

నేనన్నది ఈ రోజుకీ తప్పనను. అది దొంగతనమే. మా దేశంలో సగం ఫ్యాక్టరీలు అలాంటి ఆడవాళ్ళ సాయంకాలాల మీద నిలబడి ఉన్నాయి. యూనియన్ సమావేశం పెట్టాను. కాగితంలో ఉన్నంతే, వెంట్రుకవాసి ఎక్కువ వద్దు, అని తీర్మానం చేయించాను. చేతులన్నీ లేచాయి. కినుయే గారి చెయ్యి అందరికన్నా ఆఖర్న లేచింది. లేచింది కదా, నాకు అది చాలు.

నా లెక్క నాకుంది. ఆడవాళ్ళు ఆపేస్తే సరుకు చెడుతుంది. అమెరికా నుంచి ఫిర్యాదులు వస్తాయి. అప్పుడు యజమాని పరీక్షని కాగితంలోకి ఎక్కించి జీతం ఇవ్వక చస్తాడు. ఫిర్యాదు అనేది ఎవడో ఒక మనిషి అడవిలో నిలబడి తుపాకీ పేల్చిన తరువాత రాసేదని నాకు తట్టలేదు.

మా సెక్షన్ అధికారి హిరబయాషి అడ్డు చెప్పలేదు. సాయంత్రం అయిదుకి తనే వచ్చి దీపాలు ఆర్పేవాడు. "కార్యదర్శిగారి ఆజ్ఞ," అని నవ్వేవాడు. గెలిచాననుకున్నాను.

అక్టోబర్‌లో ఫ్యాక్టరీవాళ్ళకి చవకగా సరుకు అమ్మే రోజు వస్తుంది. దాని ముందు ఆదివారం తొకుజి ఇంటికి వెళ్ళాను. కొండల్లో చెట్లు కొట్టే పని అతనిది. యాభై ఏడేళ్ళు. వేట గుంపులో మిగతావాళ్ళు ఎలుగుబంటిని కేకలేసి తరుముతుంటే, అది బయటపడే చోట కాపు కాసి కొట్టేవాడు తొకుజే. ఆ చోటు గుంపులో అందరికన్నా నమ్మకమైనవాడికిస్తారు. పాత స్కోపు గాజు మసకేసిందని, నల్ల డబ్బా కొందామని రెండేళ్ళుగా కూడబెడుతున్నాడు.

"నల్ల డబ్బా కొని అమెరికావాడి మేడకి ఇటుకలు మొయ్యకు బావా," అన్నాను.

"నాకేం తెలుసయ్యా! చేసేది నువ్వు. తేడా ఏంటో నువ్వే చెప్పు."

"రెండూ నా చేత్తో చేసినవే. పేరులో ఉంది తేడా."

"సరే, అయితే పచ్చదే పట్రా. మిగిలిన డబ్బుతో నా చెల్లెల్ని ఎక్కడైనా వేణ్ణీళ్ళ ఊటలకి తీసుకెళ్దాం. నీ కరపత్రాలు మడిచి మడిచి దాని వేళ్ళు అరిగిపోయాయి."

అందరం నవ్వాం. ఆకు ఊరగాయ నంజుకుంటూ ఇంకో గుక్క తాగాం.

నాకు తెలియదా? తెలుసు. ఆ మాట జూన్ దాకా నిజం, కినుయే గారి సుత్తి వల్ల నిజం. ఆ సుత్తిని ఆపించింది నేనే. కానీ పదేళ్ళుగా నోటికి అలవాటైన మాట, చప్పట్లు తెచ్చిన మాట. మార్చుకోవాలంటే నా కరపత్రాలన్నిటికీ నేనే ఎదురు కరపత్రం వెయ్యాలి.

ఇంకా ఘోరం ఏమిటంటే, దాన్ని దిద్దుకునే అవకాశం నా చేతికే వచ్చింది. అమ్మకం రోజున డబ్బా పట్టుకుని పోతుంటే కినుయే గారు ఆపింది.

"ఎవరికి?"

"మా బావకి. ఎలుగుబంటి వేటకి."

"ఇటివ్వు. ఓ పది నిమిషాలు చూసిస్తా."

"వద్దండీ."

"పది నిమిషాలేనయ్యా."

"కార్యదర్శి తన ఇంటి సరుకు ఊరికే పరీక్ష చేయించుకున్నాడంటే రేపు హిరబయాషి ఏమంటాడు? రూలంటే రూలు."

"నేను హిరబయాషి కోసం చూస్తానంటున్నానా? మీ బావ కోసం చూస్తానంటున్నా."

ఆవిడ చెయ్యి చాపి డబ్బా పట్టుకుంది. నేను నా వైపుకి లాగాను. ఆవిడ కాసేపు వదలలేదు. తరువాత వదిలేసింది. "సరే నాయనా. నీ రూలు, నీ బావ."

షూటింగ్ రేంజిలో తొకుజి పేల్చిన పది గుళ్ళూ టీ గిన్నె మూతంత చోట పడ్డాయి. ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. నవంబర్‌లో వేట మొదలయ్యాక రెండు జింకల్ని కొట్టాడు. రెండోదానికి గుండు కాస్త పక్కకి తగిలిందట. చలికి చెయ్యి వణికిందనుకున్నాడు. వస్తువు మీద అనుమానం రాలేదు. బావమరిది చేత్తో చేసిన వస్తువు మరి.

నెలాఖరులో ఎలుగుబంటి వచ్చింది. ఎనభై మీటర్ల దూరం, తెల్లటి మంచు మీద నల్లటి మృగం, పక్కకి తిరిగి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళలో అలాంటి గురి అతను తప్పింది లేదు. ఈసారి గుండు గుండెకి తగలకుండా ముందుకాలు విరగ్గొట్టింది. దెబ్బతిన్న ఎలుగుబంటి వెదురు పొదల్లోకి పడి, కింద నుంచి తరుముకుంటూ వస్తున్న యజాకి మీదికి దూకింది. మిగతావాళ్ళు పరుగెత్తి దాన్ని చంపేలోపు ఒక పంజా దెబ్బ పడనే పడింది. చెంప చీరుకుపోయింది. కన్ను పోయింది.

ఎలుగుబంటి మాంసాన్ని గుంపులో అందరికీ సమంగా పంచుతారు. తప్పు గురి పెట్టినవాడికైనా వాటా ఉంటుంది. తొకుజి తన వాటా తీసుకోలేదు. యజాకి ఇంటికి వెళ్ళి వాకిట్లో మట్టినేల మీద నుదురు ఆనించి క్షమాపణ అడిగాడు. గుంపు ముందు నిలబడి, "నా కన్ను చెడిపోయింది. నా బదులు అతని కన్ను పోయింది," అన్నాడు. పోలీస్ స్టేషన్లో లైసెన్సూ తుపాకీ రెండూ అప్పగించేస్తానని మాట ఇచ్చాడు. డిసెంబర్ మూడో సోమవారం వెళ్ళాలి. ఒకసారి అప్పగిస్తే ఆ తుపాకీని కోసి ముక్కలు చేస్తారు. ఆ వయసులో లైసెన్సు మళ్ళీ ఇవ్వరు.

దానికి ముందు గురువారం నన్ను పిలిచి స్కోపు నా చేతిలో పెట్టాడు. గుడ్డలో చుట్టి ఉంచాడు.

"నాకింక ఎందుకిది? ఫ్యాక్టరీలో ఎవరికైనా పనికొస్తుందేమో ఇచ్చెయ్. మంచి వస్తువయ్యా, పాడుచెయ్యకు."

మంచి వస్తువన్నాడు. గుడ్డతో సహా తెచ్చేసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ జరిగింది చెప్పి, దాన్ని కినుయే గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని దిమ్మకి బిగించింది. గోడకున్న పరీక్ష గొట్టం వైపు తిప్పి మొదట గీతలు తిన్నగా పెట్టింది. తరువాత సుత్తి. పైకి లెక్కపెడుతూ కొట్టింది. పది దగ్గర ఆగి నన్ను చూడమంది. చూశాను. గీతలు కదల్లేదు. మళ్ళీ కొట్టింది. పద్నాలుగో దెబ్బకి నాకు చోటిచ్చింది. గీతలు పక్కకి, కిందికి జారి అక్కడే నిలిచిపోయాయి.

"ఎనభై మీటర్ల దూరంలో జానెడు తేడా," అంది.

"అంటే లోపం ఉన్నట్టేగా."

ఆవిడ సొరుగులోంచి పచ్చ డబ్బా కాగితం తీసి ఒక వరుస మీద వేలు పెట్టింది. "కాగితం పది దెబ్బలే అడిగింది. పదికి నిలబడింది. ఇది పాసే ఉషియామా. మంచి సరుకు కిందే లెక్క."

నాకు ఆ ఒక్క ఆశా పోయింది. ఎవడో సరిగ్గా బిగించలేదనో, స్ప్రింగు పొరపాటున పడిందనో తేలితే బాగుండేది. పొరపాటు ఎక్కడా లేదు. అంతా కాగితం ప్రకారం జరిగింది.

"మే నెలలో చేసిందైతే ఇది నా సుత్తి కింద..." అని ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

"తిట్టండి."

"తిడితే నీకు తేలికవుతుంది," అని స్కోపుని మళ్ళీ గుడ్డలో చుట్టి ఇచ్చింది. గంట మోగేదాకా ఆవిడ తన డబ్బాలో అన్నం ముట్టుకోలేదు.

శనివారమంతా మనసులో ఒక కరపత్రం రాసుకున్నాను. యజమాని ధర కోసం కాగితాన్ని ఎలా కోశాడో, అమెరికావాడు ఎలా కోయించాడో, ఒక వడ్రంగి కన్ను ఎలా పోయిందో. మంచి కరపత్రం. అందులో ప్రతి వాక్యమూ నిజం. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. నిజం బయటపెడితే హిరబయాషికి పండగ. యూనియన్ రూలు వల్ల మనిషి గుడ్డివాడయ్యాడంటాడు, ఆడవాళ్ళు సిగ్గుతో మళ్ళీ ఊరికే పనికి కూర్చుంటారు. ఆరు నెలల పోరాటం మట్టి. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే తెలుసు, ఇదంతా నోరు మూసుకోవడానికి వెతుక్కుంటున్న సాకు అని. సోమవారం ఒక మనిషి, బాగున్న తన కన్ను చెడిపోయిందని ఒప్పుకుని తుపాకీ కోయించుకోబోతున్నాడు.

ఆదివారం పొద్దున వెళ్ళాను. తొకుజి తుపాకీకి చివరిసారి నూనె రాస్తున్నాడు.

"బావా, నీ కన్ను బాగానే ఉంది," అన్నాను.

"కంటి డాక్టరువి ఎప్పుడయ్యావు?"

అంతా చెప్పేశాను. కాగితం, సుత్తి, తీర్మానం, అమ్మకం రోజున కినుయే గారు చాపిన చెయ్యి. అతను గుడ్డ కింద పెట్టాడు.

"ఆవిడ ఊరికే పనిచేస్తుంటే ఆపావు. అది తప్పా?"

"కాదు."

"మరి తప్పేది?"

"ఆపాక కూడా నీకు అదే మాట చెప్పడం."

తుపాకీని గోడకి చేరేశాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఎంత వెధవని!

"నా కన్ను చెడిందనుకుంటే తల వంచడం తేలిగ్గా ఉండేదయ్యా," అన్నాడు. "ముసలితనం ఎవడి తప్పూ కాదు. ఇప్పుడు నేనేమని చెప్పాలి? రెండో జింకకి గుండు పక్కకి పోయినప్పుడే రేంజికి వెళ్ళి చూసుకోవాల్సింది. ఉషియామా చేసింది కదా అని చూసుకోలేదు. నిన్ను చూసి గురి పెట్టాను." లేచి కోటు తొడుక్కున్నాడు. "పద."

"ఎక్కడికి?"

"యజాకి ఇంటికి. నాకు చెప్పింది అక్కడ చెప్పు. ఒక్క ముక్క తగ్గించినా మెడ పట్టి గెంటుతా."

అడుగున వెచ్చటి కుంపటి ఉన్న బల్ల దగ్గర యజాకి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో సగం కట్టు. భార్య టీ తెచ్చింది. నేను మట్టినేల మీదే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మీటింగుల్లో చెప్పినట్టు చెప్పడం నాకు చేతకాలేదు. తడబడ్డాను, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. మధ్యలో యజాకి భార్య ఒక్కసారి, "పది నిమిషాలా?" అంది. "పది నిమిషాలే," అన్నాను. ఆవిడ టీ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు.

యజాకి తొకుజి వైపు తిరిగాడు. "రేపు పోలీసుల దగ్గరికి వెళ్ళకు మొమోసె. గుంపుకి నేను చెబుతా. నీకున్న రెండు కళ్ళూ కొండకి కావాలి. నాదేముంది, మా పనిలో ఒక కన్ను మూసి గీత చూడ్డమే కదా. మూసే శ్రమ తప్పింది."

ఎవరూ నవ్వలేదు. తొకుజి తల వంచుకుని ఏడ్చాడు. అతని తుపాకీ నిలిచింది. నేను వెళ్ళిన పని అయింది. లేవబోయాను.

"కూర్చో," అన్నాడు యజాకి. ఆ ఒక్క కన్ను నా మీదికి తిరిగింది. "పచ్చ డబ్బాలు ఇప్పుడూ చేస్తున్నారా?"

"చేస్తున్నాం."

"జూన్ నుంచి ఎన్ని చేశారు?"

"నాలుగు వేలు దాటాయి."

"అందులో మా బావకి ఒకటి. మిగతావి?"

ఏ చుట్టరికమూ లేని యజాకి తొకుజిని బావ అనడం నేను అంతకు ముందు వినలేదు. "అమెరికాకి," అన్నాను.

"వాటిని పట్టుకుని అక్కడివాళ్ళు వేటకి పోతారా?"

"పోతారు."

"అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయా?"

"మనవాటి కంటే పెద్దవి ఉంటాయట," అన్నాను.